తల వంచి తాగిన కాఫీ

1998. ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద, కె.ఆర్.పురం రైల్వే స్టేషన్‌కి కాస్త ఇవతల ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. మాట తడబడే పిల్లలకీ, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలకీ మళ్ళీ మాట పలికించడం నా ఉద్యోగం. పొద్దంతా మాటలు ఖర్చుపెట్టి ఇంటికి చేరేసరికి నా దగ్గర స్టాకు ఉండదని నా నమ్మకం. మా ఇంట్లో వాళ్ళ అనుభవం వేరు.

చాలామందికి తెలియని సంగతేమిటంటే, మింగడం కూడా మా శాఖే. ఊపిరి వెళ్ళే దారీ, ముద్ద వెళ్ళే దారీ గొంతులో కొంతదూరం ఒకటే. తర్వాత చీలతాయి. మనం గుటక వేసినప్పుడల్లా ఊపిరి దారి తలుపు మూసుకుంటుంది, ముద్ద దిగాక తెరుచుకుంటుంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఆ తలుపు ఆలస్యంగా మూసుకుంటుంది. ఆ సందులో నీళ్ళో, గంజో ఊపిరితిత్తుల్లోకి జారిపోతే దాన్ని ఆస్పిరేషన్ అంటాం. అది ముదిరితే నిమోనియా. ఈ మింగలేని జబ్బు పేరు డిస్‌ఫేజియా, ఆ పేరే సగం మందికి మింగుడుపడదు. ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ నా ఉద్యోగం గురించి అడిగితే, "మింగడం నేర్పిస్తాను" అన్నాను. "బెంగళూరులో దానికి కూడా ట్యూషన్లున్నాయా!" అని బుగ్గలు నొక్కుకుంది.

ఆ ఏడాదే వెంకటరమణప్ప గారు నా దగ్గరికొచ్చారు. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి. కె.ఆర్.పురం సంత దగ్గర పిండి మర ఆయనది. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే స్థిరపడిన తెలుగువాళ్ళు. పక్షవాతం ఆయన ఎడమవైపుని కొంచెం తాకి వదిలేసింది. చేయీ కాలూ దారికొస్తున్నాయి. మాట కాస్త ముద్దగా వస్తోంది కానీ, వస్తూనే ఉంది. ఆ మాటకొస్తే ఆగడమే లేదు.

"నీది ఏ ఊరమ్మా?" అన్నారు మొదటిరోజు.

"గుంటూరు వైపండీ."

"అదీ! మీది రేడియో తెలుగు. మాది పిండి మర తెలుగు. కొంచెం గరగరా అంటాది. ఏమనుకోవద్దు."

నేనొచ్చిన పని చెప్పాను. ఆయన పక్కనున్న భార్య రుక్మిణమ్మ గారి వైపు తిరిగి, "విన్నావా? ఈయమ్మ నాకు మింగేది నేర్పిస్తాదంట!" అని, మళ్ళీ నా వైపు తిరిగారు. "చూడమ్మా, పుట్టినకాడి నుంచీ రాగి ముద్ద మింగతా ఉండా. మేము నమిలేదే లేదు. నమిలితే మా తాత కొట్టేవాడు. మింగేదాంట్లో నేను నీకు పాఠం చెప్పల్ల."

మాట న్యాయమే. కానీ ఆయన ముక్కులోంచి అప్పుడు ఒక సన్నని గొట్టం పొట్టలోకి వెళ్తోంది. రైల్స్ ట్యూబ్ అంటారు దాన్ని. పాలూ, గంజీ, మందులూ అన్నీ దాంట్లోంచే పోస్తున్నారు. ఆయన నాలుక మీదికి ఏ రుచీ చేరడం లేదు.

ఆయన అడిగింది ముద్ద కాదు, కాఫీ. అదీ ఉత్త కాఫీ కాదు, బై-టూ కాఫీ. ఒక్క కాఫీ చెప్పి రెండు చిన్న గ్లాసుల్లో పోయించుకోవడం బెంగళూరు అలవాటు. డబ్బు లేక కాదు, తోడు కావాలని. ఆయన తోడు బాషా గారు, మర పక్కనే టైలరు. మర పెట్టిన నాటి నుంచీ పొద్దున్నే షట్టర్లు ఎత్తగానే ఇద్దరూ సంత ఎదురుగా ఉన్న నిలుచుండి తాగే హోటల్‌కి వెళ్ళడం, ఒక బై-టూ పంచుకోవడం, తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడటం.

"ఇప్పుడేం చేస్తున్నారు?" అని బాషా గారిని అడిగాను ఒకరోజు.

"అలవాటు పోదు కదమ్మా. బై-టూ చెప్తా. రెండు లోటాలూ నా ముందరే పెడతాడు. ఒకటి నాకోసం తాగతా, ఇంగొకటి ఈయప్ప కోసం తాగతా. ఈయప్పకు బాగయ్యేలోపల నాకు షుగర్ వచ్చేటట్ల ఉండాది."

వీళ్ళు గ్లాసుని లోటా అంటారని అలా తెలిసింది.

వెంకటరమణప్ప గారు నా వైపు చూసి, "వచ్చే నెలకు తాగేకి అవుతాదా?" అన్నారు. ఆ గొంతులో అంతవరకూ ఉన్న వెటకారం లేదు.

మొదలుపెట్టాం. మా పద్ధతిలో పల్చటివి శత్రువులు, చిక్కటివి మిత్రులు. నీళ్ళు, కాఫీ లాంటివి వేగంగా జారిపోతాయి కనుక తలుపు మూసుకునే వ్యవధి దొరకదు. చిక్కటి రాగి గంజి నెమ్మదిగా కదులుతుంది. దానికితోడు చిన్ టక్ అని ఒక భంగిమ ఉంది. గడ్డం ఛాతీ వైపు దించి మింగడం. అలా దించితే ఊపిరి దారి ఇరుకవుతుంది, ముద్ద తన దారినే పోతుంది. స్పూనుతో గంజి నోట్లో పెట్టడం, గడ్డం దించమనడం, రెండుసార్లు గుటక వేయించడం, తర్వాత "ఆ" అనిపించడం. "ఆ"లో గరగర వినిపిస్తే ఏదో గొంతులో నిలిచిందని అర్థం. శుభ్రంగా వినిపిస్తే దిగిందని.

ఆయన చక్కగా నేర్చుకున్నారు. గంజి మీద మాత్రం ఫిర్యాదు. "ఇది మా మర పిండి కాదు. బరక ఉండాది" అని ప్రతి స్పూనుకీ ఒక సమీక్ష. ట్యూబు తీసేశాం. చిక్కటి గంజి, గడ్డం కిందికి, తొందర వద్దు అని రుక్మిణమ్మ గారికి చెప్పి ఇంటికి పంపాం. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

కొద్దిరోజుల్లోనే జ్వరంతో తిరిగొచ్చారు. ఛాతీలో కఫం, ఎక్స్-రేలో మచ్చ. ఆస్పిరేషనే. మళ్ళీ ట్యూబు పెట్టారు. మందులకి జ్వరం తగ్గాక డాక్టరు గారు నన్ను పిలిచారు.

"ఇంకోసారి ఇలా అయితే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవు. మీరు మళ్ళీ చూడండి. సురక్షితంగా మింగలేరని తేలితే పెద్దాసుపత్రికి పంపి పొట్టకి రంధ్రం చేయించి అక్కడే ట్యూబు పెట్టిద్దాం. నోటితో తినడం మర్చిపోవాల్సిందే."

మళ్ళీ చూశాను. స్పూను, గంజి, గడ్డం, గుటక, "ఆ". గొంతు గుడిగంటలా మోగింది. ఇంకా చూశాను. అదే గంట. ఇక్కడ ఇంత బాగా మింగే మనిషి ఇంటికెళ్ళగానే ఎందుకు మింగలేకపోయాడు? నా చదువుకీ, ఆయన ఛాతీలోని మచ్చకీ పొంతన కుదరలేదు.

ఆలోచించడానికి నాకు కాఫీ కావాలి. క్యాంటీన్‌కి వెళ్తూ రుక్మిణమ్మ గారిని కూడా రమ్మన్నాను. ఆమె వచ్చి కూర్చున్నారు కానీ, కాఫీ వద్దన్నారు.

"అలవాటు లేదా అమ్మా?"

"లేకేమి! పొద్దున లేస్తానే నాకు కాఫీ పడాల్సిందే. ఆయప్పకు నోట్లో చుక్క లేనప్పుడు నాకెట్ల దిగతాది? ఆయప్ప తాగినంక తాగతా."

"అంటే, ఆయన పడ్డప్పట్నుంచీ?"

ఆమె కొంగుతో బల్ల మీద లేని మరకని తుడిచారు. "ఆయప్పకు చెప్పొద్దమ్మా."

నేను నా గ్లాసు కింద పెట్టేశాను. మాట మార్చడానికి, ఇంట్లో గంజి తాగేటప్పుడు దగ్గు వచ్చేదా అని అడిగాను.

"వచ్చేది. పొరబోయింది అనుకొని నెత్తి మీద తట్టినా."

మేం పొలమారింది అనేదాన్నే వీళ్ళు పొరబోయింది అంటారు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మనందరి నమ్మకం కదా. ఆమె అదే అన్నారు. "ఎవురో తలుచుకుంటా ఉండారు అనుకొంటి. మర కాడికి ఊరంతా వచ్చేది. రోజుకొకరన్నా తలుచుకోరా?"

ఇది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "గంజి చిక్కగానే ఇచ్చారు కదా?"

"మొదట ఇచ్చినా. చిక్కగుంటే లోటాలో నుంచి పడలేదమ్మా. దానికని కొంచెం మజ్జిగ పోసి పల్చగా చేసినా."

లోటాలో నుంచి పడటమేమిటి? కాఫీ అక్కడే వదిలేసి లేచాను.

వార్డులో ఒక ఖాళీ స్టీలు గ్లాసు వెంకటరమణప్ప గారి చేతికిచ్చి, "ఇంట్లో ఎలా తాగుతారో అలా తాగి చూపించండి" అన్నాను.

"దీంట్లో ఏమీ లేదు కదమ్మా?"

"లేదు. ఉత్తుత్తినే."

ఆయన నిటారుగా కూర్చున్నారు. తల పూర్తిగా వెనక్కి వాల్చి, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ నోరు తెరిచారు. గ్లాసుని పెదవులకి జానెడు ఎత్తున పట్టుకుని వంచారు. లేని గంజి ధారగా ఆయన గొంతులోకి దిగింది. నా కేసు తేలిపోయింది.

ఎంగిలి కాకుండా ఎత్తిపోసుకోవడం. మా అమ్మమ్మ కూడా అలాగే తాగేది. ఆ అలవాటు నాకు తెలియనిది కాదు. కానీ ఆసుపత్రిలో ఆయన తాగిందంతా స్పూనుతో. గ్లాసు సంగతి అడగాలని నాకు తోచలేదు, చెప్పాలని వాళ్ళకీ తోచలేదు. ఎలా నడుస్తారని అడిగితే కాళ్ళతో అని ఎవరు చెబుతారు! ఊపిరి అందనివాళ్ళకి గాలి బాగా వెళ్ళాలని మేం తల వెనక్కి వంచుతాం. ఆ పొజిషన్‌లో ఊపిరి దారి సింహద్వారంలా తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ ద్వారంలోకి ఈయన పల్చటి గంజి పోసుకున్నారు.

జబ్బు దొరికింది. మందు కూడా తెలుసు. పెదవులు ఆనించి, గడ్డం దించి, చిన్న చిన్న గుక్కలు. ఆయనకి చెప్పాను.

"ఆనించేదా?" ఆయన ముఖం చిట్లించారు. "కాదమ్మా. చిన్నప్పుడు ఒకే ఒకసారి లోటాకు పెదవి తగిలిస్తే మా అమ్మ వీపు మీద ఇచ్చింది. అంతే, మళ్ళీ యానాడూ తగిలించలేదు."

"ఆ గ్లాసు మీ ఒక్కరికే ఉంచుకోండి. ఎవరూ ముట్టుకోరు."

"నా ఎంగిలి నాకైతే మాత్రం ఎంగిలి కాకుండా పోతాదా?"

"అలా తాగకపోతే పొట్టకి రంధ్రం చేస్తారండీ. జీవితాంతం ట్యూబే."

ఆయన ఖాళీ గ్లాసు నా చేతికి తిరిగిచ్చేశారు. "ఎవురి ముందరా తల వంచకుండా బతికినా తల్లీ. లోటా ముందర వంచమంటావు. వద్దులే, ట్యూబే పెట్టుకొంటా."

మాటలే వృత్తిగా బతికే నా మాటలేవీ ఆ పూట పనిచేయలేదు. బతిమాలాను, భయపెట్టాను, గొంతు బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టాను. ఆయన బొమ్మని మెచ్చుకున్నారు. నిర్ణయం మార్చుకోలేదు.

సాయంత్రం బాషా గారు వచ్చారు. సంగతి విని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమప్పా, ట్యూబ్‌లో కాఫీ పోసుకొంటావా ఇంగ? బై-టూ అంటే నీ ట్యూబ్‌కి సగం, నాకు సగమా?"

"నగవద్దు బాషా."

"నగతా లేను. నేనైతే రెండూ తాగి సంబాళిస్తా ఉండా. ఈయమ్మ సంగతి ఏమి?" అని రుక్మిణమ్మ గారి వైపు చేయి చూపించారు. "నువ్వు పడినప్పటి నుంచీ ఈయమ్మ కాఫీ ముట్టలేదు. తెలుసునా నీకు? మొన్న మా ఇంట్లో వాళ్ళు ఇస్తే వద్దనింది."

ఆమె చప్పున తలుపు వైపు తిరిగారు. వెంకటరమణప్ప గారు భార్య వైపు తల తిప్పారు. "ఏమే, నిజమేనా?"

"దానికేమిలే."

"కాఫీ లేకుంటే నీకు తలనొప్పి వస్తాది కదే!"

"వచ్చి పోతాది."

ఆయన గొంతు తగ్గించి, "ఎంగిలైన లోటా ఎవురు కడిగేది?" అన్నారు.

ఆమె ఇటు తిరిగారు. "ఎవురు కడిగేది! ఇన్నేండ్లూ ఎవురు కడిగినారు, మీ అమ్మనా? నేనే కదా. ఆనించయ్యా."

నా బాణం గుర్తులన్నీ చేయలేని పని ఆ ఒక్క "ఆనించయ్యా" చేసింది.

మర్నాడు ఆయన మొదటిసారి గ్లాసుకి పెదవి ఆనించారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు, వీపు మీద దెబ్బ పడుతుందేమో అన్నట్టు. పడలేదు. పడింది గుటక. నేర్పాల్సింది ఇంకా ఉంది. స్టీలు గ్లాసులో సగం దాకా తల దించి తాగొచ్చు. అడుక్కి వెళ్ళేకొద్దీ ముక్కు అంచుకి తగిలి తల దానంతటదే వెనక్కి పోతుంది. అందుకని సగం కాగానే ఆపేయాలి. చిక్కటి గంజితో మొదలుపెట్టి, జారుడు గంజికి, ఆ తర్వాత పెరుగు చిలికిన మజ్జిగకి వచ్చాం. ప్రతి మెట్టు దగ్గరా ఛాతీ పరీక్షించారు. జ్వరం లేదు, గరగర లేదు. ట్యూబు తీసేశారు. ఇంటికి పంపినా ఈసారి నేను వారానికోసారి మర దాకా వెళ్ళి చూసి వచ్చేదాన్ని. నీళ్ళకి కూడా అనుమతి ఇచ్చాక ఇక మిగిలింది ఒక్కటే.

ఒక పొద్దున్నే ఆ దంపతులూ, బాషా గారూ, నేనూ సంత ఎదురు హోటల్‌లో కలిశాం. అక్కడ అందరూ నిలబడే తాగుతారు. ఈయన కూర్చుని తాగాలి. సంగతి తెలిసి హోటల్ యజమాని గల్లా దగ్గర తను కూర్చునే స్టూలు తెచ్చి వేశాడు. బాషా గారు రెండు బై-టూలు చెప్పారు. నాలుగు చిన్న లోటాలు అంచుల దాకా నురగతో వచ్చాయి. నా శాస్త్రానికి కావలసింది సరిగ్గా అదే, నిండుగా ఉన్న చిన్న లోటా.

వెంకటరమణప్ప గారు లోటాని రెండు చేతులా పట్టుకున్నారు. గడ్డం దించారు. ముఖం కాఫీ మీదికి వంగింది. అక్కడే ఆగిపోయారు.

నేను గబుక్కున ముందుకు వంగాను. "ఏమైందండీ?"

"దీనికింత వాసన ఉండాదా?" అన్నారు తల ఎత్తకుండానే.

ఆయన జీవితమంతా కాఫీని ధారగా పోసుకున్న మనిషి. ముక్కు ఎప్పుడూ ఆకాశంలోకే ఉండేది. లోటా మీదికి వంగి, ఆ ఆవిరి ముఖానికి తగలనివ్వడం అదే మొదటిసారి. ఇంకా కాసేపు అలాగే ఉండి, ఒక చిన్న గుక్క తీసుకున్నారు. గుటక. ఇంకో గుటక. నేను అలవాటుగా, "ఆ అనండి" అన్నాను.

"ఆఆ!" అన్నారు హోటలంతా వినిపించేలా. గంట. తాగుతున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. కౌంటర్ అవతలి కుర్రాడు, "ఏన్ బేకు సార్?" అని పరుగెత్తుకొచ్చాడు. ఏం కావాలని కన్నడంలో అడగడం.

"ఏమీ వద్దప్పా," అన్నారాయన. "అన్నీ ఉండాయి."

రుక్మిణమ్మ గారు అప్పుడు తన లోటా అందుకున్నారు. గోడ వైపు తిరిగి తాగారు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

సగం అయ్యాక నేను చేయి అడ్డం పెట్టాను. ఆయన మిగిలిన కాఫీ వైపు బాధగా చూశారు. పారబోయడానికి మనసొప్పడం లేదు. బాషా గారు లోటా అందుకుని, అందులో మిగిలింది తన లోటాలోకి ఒంపేసుకున్నారు.

"ఎంగిలి బాషా!" అన్నారాయన గాభరాగా.

"ఊరుకోప్పా. ఇన్నేండ్లూ నీది నీకు, నాది నాకు. అది బై-టూనా? ఇదీ బై-టూ" అని గడగడా తాగేశారు.

వెంకటరమణప్ప గారి చేయి వెళ్ళి, పక్కన నిలబడ్డ బాషా గారి చేతి మీద ఆగింది.

ఆ తర్వాత నేను చాలా గొంతులు చూశాను. ఇప్పుడు ఏ పేషెంటునైనా ఇంటికి పంపేముందు, వాళ్ళ సొంత గ్లాసు తెప్పించి, రోజూ ఎలా తాగుతారో అలాగే ఖాళీ గ్లాసుతో తాగి చూపించమంటాను. వృత్తిపరంగా ఈ కేసు నేర్పిన పాఠం అదే. రెండోది పాఠ్యపుస్తకాల్లో దొరకదు. మనిషి పొద్దుట్నుంచి రాత్రి దాకా తనకి తెలియకుండానే మింగుతూ ఉంటాడు. ప్రతిసారీ ఒక తలుపు మూసుకుని, మళ్ళీ తెరుచుకుని, ప్రాణాన్ని కాపాడుతుంది. ఆ తలుపుని మనం ఒక్కసారైనా పలకరించం. నేను దాని మీద పరీక్షలు రాసి పాసయ్యాను, దాని పేరు చెప్పుకుని జీతం తీసుకున్నాను. దానికి కృతజ్ఞత చెప్పాలని మాత్రం ఒక పిండి మర ఆయన తల వంచేదాకా తట్టలేదు.

అందుకే పొద్దున్నే మొదటి గుక్క నేను హడావిడిగా తాగను. గ్లాసు మీదికి వంగి, ఆవిరి ముఖానికి తగలనిచ్చి, నెమ్మదిగా మింగి, ఒక్క క్షణం ఆగుతాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన దీన్ని చూసి కంగారుపడ్డారు.

"ఏమిటలా చూస్తున్నావు? కాఫీలో ఏమైనా పడిందా?"

"లేదండీ," అన్నాను. "దిగింది."